ఊపిరికి చేయూత

బిడ్డ దగ్గినచో తల్లి గుండె ఝల్లుమనుట లోకసహజము. అర్ధరాత్రమున ప్రక్కగదిలో దగ్గు వినవచ్చినంతనే మిరియాల పాలు కాచుటకు లేవని యిల్లాలు మనలో నుండదు. అయితే దగ్గు వినరానందులకు భయపడవలసిన తల్లులును కొందరు కలరు. వారి బిడ్డలకు జలుబు చేయును. రొమ్మున కఫము చేరును. కాని దానిని పైకి త్రోయగల దగ్గు మాత్రము రాదు. ఇల్లంతయు నిశ్శబ్దముగా నుండును. ఆ నిశ్శబ్దమే అపాయసూచన. ఈ సంగతి మేము నిన్నమొన్నటివరకు ఎరుగము. ఎరిగిన పిమ్మట సోదరీమణులకు చెప్పక యూరకుండుట తప్పని తోచి యీ వ్యాసమును వ్రాయ సాహసించితిమి.

మా అక్కయ్యకు ఒక్కడే కుమారుడు. వానికిప్పుడు 13 ఏండ్లు. వానికి నడక ఆలస్యముగా వచ్చెను. నాలుగైదేండ్ల ప్రాయమున నేలమీదనుండి లేవవలసివచ్చినపుడు తన మోకాళ్లమీదను తొడలమీదను తానే చేతులూనుకొని, తన శరీరమును తానే యెక్కుచున్నట్లు లేచెడివాడు. పిక్కలు మాత్రము బలిష్ఠముగా కానవచ్చుచుండెను. చూచినవారెల్లరు పిల్లవాడు కండపుష్టి గలవాడని మెచ్చుకొనుచుండిరి. ఆ కండ బలము కాదనియు, కండరము పోయిన చోట క్రొవ్వు చేరుటయనియు ఎవరెరుగుదురు? 11వ యేట నడక నిలిచిపోయి చక్రాల కుర్చీ వచ్చెను. అప్పటికి మాకు వ్యాధి పేరు తెలిసియే యున్నది. దానిని డుషేన్ కండరక్షీణత యందురు. 1860 ప్రాంతములందు గియోమ్ డుషేన్ అను ఫ్రెంచి వైద్యుడు దీనిని విపులముగా వర్ణించినందున ఆ పేరు వచ్చెను. కండరమును కాపాడు డిస్ట్రోఫిన్ అను మాంసకృత్తు ఈ బిడ్డల దేహమున తయారుకాదని 1987లో అమెరికాలోని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇది మగపిల్లలకే ఎక్కువగా వచ్చును.

ఇట్టి వ్యాధులు పెక్కు కలవు. వెన్నుపాములోని నరకణములు నశించుటచే కండరములు చచ్చుపడు వ్యాధి మరియొకటి, దానిని ఎస్‌.ఎం.ఏ. యని డాక్టర్లందురు. అది ఆడ మగ భేదము లేక వచ్చును. దాని తీవ్రరూపము పాలుగుడుచు పసికందులకే తగులును. వీనినన్నిటిని కలిపి నాడీకండర వ్యాధులని వ్యవహరింతురు. పేర్లు వేరైనను చివరకు అన్నియు ఒక్క చోటనే మనలను భయపెట్టును. కాళ్లు పోయినను కుర్చీ కలదు. చేతులు పోయినను తినిపించు తల్లి కలదు. ఊపిరి చాలకపోయినచో ఏమి కలదు? "ఊపిరి ఉంటే ఉప్పమ్ముకొని బ్రతుకవచ్చు" నని మన పెద్దల సామెత. ఆ ఊపిరికే చేయూత నీయవచ్చునని చెప్పుటయే యీ వ్యాసము యొక్క ప్రయోజనము.

కమ్మరి కొలిమికడ నిలిచి చూచినవారికి ఈ విషయము సులువుగా బోధపడును. తిత్తి చిరుగలేదు, గొట్టము పూడలేదు, బొగ్గులు మంచివే. కాని తిత్తి నొత్తు చేతికి సత్తువ లేదు. అట్టిచో నిప్పు మసకబారక యేమగును? మనవారు ఊపిరితిత్తి యని పేరు పెట్టుట ఎంత సార్థకము! ఈ బిడ్డల ఊపిరితిత్తులు మొదట రోగగ్రస్తములు కావు. వానిని సాచి ముడుచు కండరములే దుర్బలములు. రొమ్మునకును పొట్టకును నడుమ పందిరివలె పరచుకొనియుండు ఉదరవితానము మొదటిది. ప్రక్కటెముకల నడిమి కండరములు రెండవవి. దగ్గునపుడు బిగియు పొట్టకండరములు మూడవవి. ఇవి క్రమముగా సన్నగిల్లును. లోనికి పోవు గాలి తగ్గును. చిరకాలము పూర్తిగా సాగని రొమ్ము, వాడని తోలుతిత్తివలె బిగుసుకొనిపోవును.

దగ్గును మనము రోగమని తలంతుము గాని, అది దేహమునకు కావలివాడు. దగ్గులో మూడు పనులున్నవి. మొదట నిండుగా గాలి పీల్చవలెను. పిదప గొంతు బిగించి ఆ గాలిని లోన నిలుపవలెను. అటుపై పొట్టను ఒక్కమారు బిగించి గొంతు విడువవలెను. గాలి తుపాకి గుండువలె దూసికొని వచ్చి కఫమును తెచ్చును. దుర్బలమైన బిడ్డకు మొదటి పనియు మూడవ పనియు చేతకావు. కావున సాధారణమైన జలుబే వానికి న్యుమోనియాగా మారును.

గత సంవత్సరము కార్తికమాసమున మా అక్కయ్య కొడుకునకు అట్లే జరిగెను. రెండు దినములు జలుబు. మూడవనాడు మేము చూడబోతిమి. వాడు మెల్లగా, "పిన్నీ, లోపల ఏదో ఉంది, దగ్గుదామంటే రావటం లేదు" అనెను. జ్వరము స్వల్పమే. దగ్గు లేదు గదా యని మేమందరము ఒకవిధముగా ధైర్యముగానే యుంటిమి. ఆ రాత్రి ఆయాసము హెచ్చి ఒక ఆసుపత్రికి కొనిపోయిరి. అచ్చట ముక్కునకు ప్రాణవాయువు గొట్టము పెట్టిరి. వ్రేలికి తగిలించిన యంత్రము 98 అని చూపెను. పెదవులు ఎర్రబడెను. అందరమును నిట్టూర్పు విడిచితిమి. పిల్లవాడు నిద్రించుచున్నాడనుకొంటిమి. తెల్లవారి ఎంత పిలిచినను వాడు సరిగా కన్నులు విప్పలేదు.

వేరొకచోటికి కొనిపోగా అచ్చటి డాక్టరమ్మగారు నెత్తురు పరీక్ష చేయించి, "ఈ బాబుకు గాలి కొరత కాదమ్మా, గాలిని ఆడించే బలం కొరత" అనిరి. ఊపిరికి రెండు పనులట: ప్రాణవాయువును లోనికి తెచ్చుట ఒకటి, బొగ్గుపులుసు వాయువును వెలికి పంపుట రెండవది. గొట్టముద్వారా ప్రాణవాయువు నిచ్చినచో మొదటి లోటు తీరినట్లు కనబడును. వ్రేలి యంత్రము దానినే చూపును. రెండవ పని జరుగకున్నను మనకు తెలియదు. లోన చేరిన బొగ్గుపులుసు వాయువే పిల్లవానిని మత్తులో ముంచెను. ఆమె వెంటనే ముక్కుమీద మాస్కు అమర్చి, ఊపిరిని లోనికి త్రోయు యంత్రమును పెట్టించిరి. సాయంకాలమునకు వాడు కన్నులు తెరచి మంచినీళ్లడిగెను.

మా యింటివారు బడిపంతులు. ఏ విషయము విన్నను దాని పూర్వచరిత్ర వెదకనిదే వారికి నిద్రపట్టదు. వారు చదివి మాకు వినిపించిన వృత్తాంతము ఇచ్చట చెప్పక తప్పదు, ఏలయన మా పిల్లవాని విషయమున జరిగిన పొరపాటే అందును గలదు.

1928లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిలిప్ డ్రింకర్, లూయీ షా అనువారు ఉక్కు ఊపిరితిత్తి యను పెద్ద పెట్టెను నిర్మించిరి. రోగి మెడవరకు అందు పరుండును. పెట్టెలోని గాలిని తోడినపుడు రొమ్ము సాగి ఊపిరి లోనికి పోవును. పోలియోచే ఊపిరికండరములు చచ్చుపడిన పిల్లలకది ప్రాణదాత యయ్యెను. అయితే 1952లో డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగెన్ నగరమున పోలియో మహమ్మారి చెలరేగినపుడు అచ్చటి బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో అట్టి పెట్టె ఒక్కటియు, రొమ్మునకు మాత్రము తొడుగు చిన్న యంత్రములు ఆరును మాత్రమే యుండెను. మొదటి మూడు వారములలో యంత్రసాయము పొందిన 31 మందిలో 27 మంది మరణించిరి. వారి నెత్తురులో కానవచ్చిన మార్పును వైద్యులు వేరొక దోషమని భావించిరి. బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తుమందు వైద్యుడు మాత్రము అది బొగ్గుపులుసు వాయువు వెలికి పోకుండుట వలన కలిగినదని గ్రహించెను. అనగా బిడ్డలకు గాలి లేక కాదు, ఆడించు బలము లేకయే పోవుచుండిరి.

ఆ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన ఆయన 12 ఏండ్ల బాలిక కంఠనాళమున రంధ్రము చేయించి, గొట్టము నమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఊపిరి పోసెను. ఆ బాలిక బ్రతికెను. పిమ్మట వైద్యవిద్యార్థులు సుమారు 1500 మంది వంతులవారీగా రాత్రింబవళ్లు పిల్లల మంచముల ప్రక్క కూర్చుండి, నెలల తరబడి సంచులు నొక్కిరి. నూటికి 80 దాటిన మరణములు క్రమముగా 40కిని, చివరకు 25 ప్రాంతమునకును తగ్గెను. నేటి ఆసుపత్రులలోని ఇంటెన్సివ్ కేర్ విభాగములకు అదియే పునాది యందురు. 1956లో ఆ దేశముననే హెనింగ్ రూబెన్ అను వైద్యుడు, నొక్కి విడిచినచో తనంతట తాను ఉబ్బు సంచిని లోకమున కందించెను. దానినే నేడు అంబూ బ్యాగని ప్రతి ఆసుపత్రిలోను పిలుచుచున్నారు. చదువుకొను కుర్రవారు నేర్చి చేసిన పనిని బిడ్డను కన్న తల్లి నేర్వలేదా? ఆ ప్రశ్నయే మాకు ధైర్యము నిచ్చెను.

మా అక్కయ్యకు నేర్పినది కోపెన్‌హేగెన్ నాటి ఆ కఠినమైన చికిత్స కాదు. మెడకు రంధ్రముతో పనిలేదు. దీనిని ఊపిరిపై ఊపిరి పేర్చుట యనవచ్చును. పిల్లవానిని నిటారుగా కూర్చుండబెట్టవలెను. గాలి వెనుకకు రాకుండునట్లు ఒకవైపు మాత్రమే తెరచుకొను కవాటము గల సంచిని తీసికొని, దాని మాస్కును ముక్కు నోరు మూయునట్లు బిగువుగా ఆనించవలెను. వాడు పీల్చునపుడే సంచిని మెల్లగా నొక్కవలెను. వాడు ఆ గాలిని విడువక బిగబట్టును. దానిపై రెండవమారు, మూడవమారు నొక్కగా రొమ్ము ఎత్తుగా నిండును. చాలునని వాడు సైగ చేసినంతనే మాస్కు తీసివేయవలెను. అప్పుడు గాలినైన విడుచును, దగ్గనైన దగ్గును. ఇట్లు మూడు మొదలు ఐదుమార్లు, దినమునకు రెండు పూటలు. ఉదయము ఫలహారమునకు ముందును, సాయంకాలము దీపము పెట్టిన పిమ్మటను మా అక్కయ్య దీనిని చేయుచున్నది. కడుపు నిండియున్నపుడు చేయరాదు. రొమ్మున నొప్పి గాని తలతిరుగుట గాని కలిగినచో ఆపి డాక్టరుకు తెలుపవలెను.

దగ్గునకు సాయము మరియొకటి. రొమ్ము నిండిన పిమ్మట పిల్లవాడు దగ్గబోవు క్షణముననే తల్లి తన అరచేతులను ప్రక్కటెముకల క్రింద పొట్టపై నుంచి, లోనికిని పైకిని ఒక్కమారు ఒత్తవలెను. పొట్టకండరము చేయలేని పనిని ఆమె చేయి చేయును. ఇది ఆ విద్య తెలిసిన ఫిజియోథెరపీవారు దగ్గరనుండి నేర్పినగాని చేయరాదు. ఈ వ్యాధికి స్టెరాయిడు మందులు వాడు బిడ్డల ఎముకలు పెళుసుగా నుండును. వెన్నెముక వంగినవారును కలరు. ప్రేమతో ఒత్తినను తెలియక ఒత్తినచో కీడే కలుగును. చేతిసాయము చాలనివారికి దగ్గుయంత్రము కలదు. అది గాలిని లోనికి త్రోసి, ఉత్తరక్షణమున వెలికి లాగును. కఫము గాలితోపాటు నోటిలోనికి వచ్చును. ఇట్టి యంత్రములు 1950 దశాబ్దముననే పుట్టి, మరుగునపడి, 1993లో మరల వాడుకలోనికి వచ్చెను. ఊపిరి బిగబట్టుట తెలియని పసివారికి ఇదియే అనుకూలము. ఎంత ఒత్తిడి పెట్టవలెనో నిర్ణయించుట డాక్టరు పని.

ఇరుగుపొరుగువారు మాకు చెప్పిన సలహాలు పెక్కు. బుడగలూదింపుడని కొందరు, ప్రాణాయామము చేయింపుడని కొందరు. ప్రాణాయామము ఆరోగ్యవంతులకు మంచిదే. మేమును బాల్యమున మా తండ్రిగారికడ నేర్చితిమి. అయితే అలసిన యెద్దును మరింత తోలినచో బండి కదలదు. వెనుకనుండి చేయివేసి త్రోయవలెను. ఇచ్చట మనము చేయునది వ్యాయామము కాదు, కండరము చేయలేని పనిని వెలుపలినుండి చేసి పెట్టుట. ఈ భేదమును గ్రహించినచో సగము తప్పులు తొలగును.

ఇక రాత్రి సంగతి. ఈ వ్యాధులలో ఊపిరి మొదట పగలు తగ్గదు, నిద్రలో తగ్గును. నిద్రించునపుడు అందరికిని ఊపిరి కొంత మందగించును. మనకది లెక్కలోనిది కాదు. ఈ బిడ్డలకు ఆ కొంతయే గొప్ప లోటు. ఆయాసపడవలెనన్నను ఆయాసపడు బలము వానికి లేదు. కావున తల్లి కనిపెట్టవలసిన గుర్తులు వేరు. ఉదయము లేచునప్పటికే తలనొప్పి, రాత్రి పలుమార్లు మేల్కొని ప్రక్కకు త్రిప్పుమని పిలుచుట, పీడకలలు, ఉదయము ఆకలి లేకుండుట, బడిలో కునికిపాట్లు, చదివినది తలకెక్కకుండుట, బరువు తగ్గుట. మా పిల్లవానికి జబ్బు ముదురుటకు ఆరునెలల ముందే యీ గుర్తులలో నాలుగు కానవచ్చినవి. ప్రొద్దున్నే తలనొప్పియన్నచో బడికి పోనొల్లక వేసిన వేషమని మేమే నవ్వితిమి. ఆ నవ్వు తలచుకొన్నప్పుడెల్ల ఇప్పటికిని మాకు సిగ్గగుచున్నది.

ఇట్టివారికి నిద్రలో ఊపిరికి సాయపడు యంత్రము కలదు. బైపాప్ అందురు. ముక్కుమీదనో, ముక్కు నోరు రెంటిమీదనో మాస్కు ఉండును. బిడ్డ పీల్చునపుడు ఎక్కువ ఒత్తిడితో గాలి పంపి, విడుచునపుడు ఒత్తిడి తగ్గించును. కత్తితో పనిలేదు; ఉదయము తీసివేసి బడికి పోవచ్చును. ఇంగ్లండునందలి న్యూకాసిల్ వైద్యులు 2002లో ప్రకటించిన లెక్క యొకటి మేము మరువలేము. 1960 దశాబ్దమున డుషేన్ వ్యాధి గలవారు సగటున 14.4 ఏండ్లకు మరణించిరట. 1990 తరువాత యంత్రసాయము పొందినవారి సగటు 25.3 ఏండ్లు. ఇది వ్యాధిని మాన్పదు. కండరమును తిరిగి తేదు. అయినను ఒక బాలుడు యువకుడగుటకు వలసిన సంవత్సరములను ఇచ్చినది.

మొదటి వారము మా పిల్లవాడు మాస్కును పీకి పారవేసెను. డాక్టరమ్మగారి సలహాపై పగటివేళ కథ వినునపుడు అరగంట, మరునాడు గంట, ఇట్లు అలవాటు చేసితిమి. మేము ప్రక్కన కూర్చుండి భారతకథలు చెప్పితిమి. యక్షప్రశ్నలు ముగియునప్పటికి వాడు మాస్కుతోనే నిద్రించెను. ముక్కుదూలమున పుండు పడకుండ ప్రతిదినమును చూడవలెను. ఒకే మాస్కు నిరంతరము ఒరసినచో చర్మము చెడును. పసిపిల్లలకు ముఖపుటెముకల పెరుగుదలపైనను దాని ఒత్తిడి పడునట. కావున నడుమ నడుమ మాస్కు రకము మార్చుదురు. మన యూళ్లలో కరెంటు చెప్పి పోదు గదా! యంత్రమునకు బ్యాటరీయో, ఇంటికి ఇన్వర్టరో తప్పక యుండవలెను. అన్నింటికిని మించి, తలగడ ప్రక్కనే సాధారణపు అంబూ బ్యాగు నుంచవలెను. అది పై కవాటము గల సంచివంటిది కాదు. రెండింటిని తారుమారు చేయరాదు. గాలివాన రాత్రి దీపమారినను తల్లి చేయి ఆగదు.

పాలుగుడుచు బిడ్డల తల్లులకు ఒక్కమాట. ఊపిరి పీల్చునపుడు పొట్ట ఉబ్బి రొమ్ము లోనికి క్రుంగుచున్నను, ఏడుపు పిల్లికూతవలె బలహీనమైనను, పాలు త్రాగుచు పలుమార్లు అలసిపోవుచున్నను, తల నిలుపకున్నను ఆలస్యము చేయవలదు. ఎస్‌.ఎం.ఏ. తీవ్రరూపమునకు పూర్వము మందు లేదు. చికిత్సలేనిచో పెక్కురు రెండేండ్లు నిండకమునుపే పోవుచుండిరి, లేదా ఎడతెగక యంత్రముపై నుండవలసివచ్చెడిది. 2016లో వెన్నులోని ద్రవములోనికి ఎక్కించు నుసినెర్సెన్, 2019లో ఒక్కమారే రక్తనాళమున ఇచ్చు జన్యుచికిత్స, 2020లో నోటితో త్రాగించు రిస్డిప్లామ్ అమెరికాలో ఆమోదము పొందెను. ఎంత త్వరగా ఇచ్చిన అంత మేలు. వీని వెలలు సామాన్యుల కందనివి. మన కేంద్రప్రభుత్వము 2021లో అరుదైన వ్యాధుల విధానమును ప్రకటించి, 2022లో ఒక్కొక్క రోగికి 50 లక్షల రూపాయలవరకు సాయమని నిర్ణయించెను. ఆ విధానము క్రింద గుర్తింపబడిన కేంద్రములలో హైదరాబాదునందలి సి.డి.ఎఫ్‌.డి., నిమ్స్ కలిసి ఒకటి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున కండరక్షీణతయు చేర్చబడినది. మందు దొరకినను దొరకకున్నను ఊపిరికి సాయము మాత్రము మానరాదు.

ఎప్పుడు మొదలిడవలెను? ఆయాసము వచ్చిన పిమ్మట కాదు, రాకమునుపే. నడక నిలిచిన నాటినుండి కనీసము ఆరునెలల కొకమారు ఊపిరిబలమును కొలిపించుట మంచిది. గొట్టములోనికి ఊదించి, దగ్గించి కొలుతురు. నిండు ఊపిరి ఆ ప్రాయమునకు ఉండవలసిన దానిలో నూటికి 60కి తగ్గినచో ఊపిరి పేర్చుటయు, 50కి తగ్గినచో దగ్గుసాయమును రాత్రి యంత్రమును ఆలోచింపవలెనని డుషేన్ వ్యాధి విషయమున 2018లో నిపుణులు నిర్ణయించిరి. తలనొప్పి మున్నగు గుర్తులున్నచో ఆ అంకెకొరకు వేచియుండ బనిలేదు. పెద్దపిల్లల దగ్గువేగము నిమిషమునకు 270 లీటర్లకు తగ్గినచో జలుబునాడు ముప్పు. 160కి తగ్గినచో ఆ దగ్గుతో కఫము వెడలదు. ఇంటిలో వ్రేలి యంత్రము 95 కంటె తగ్గినచో కఫమడ్డినదని తలచి దగ్గుసాయము చేయుచు, తగ్గకున్నచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఏటేట ఫ్లూ టీకాయు, న్యుమోనియా టీకాయు వేయింపవలెను.

మా బావగారు ఒక అట్టమీద వ్యాధి పేరు, యంత్రపు కొలతలు, డాక్టరమ్మగారి ఫోను నంబరు వ్రాసి, "ప్రాణవాయువు మాత్రమే ఇచ్చి యూరకుండవలదు, ఊపిరిసాయముతో కలిపి ఇచ్చి, నెత్తురులో బొగ్గుపులుసు వాయువును పరీక్షింపుడు" అని పెద్దయక్షరములతో చేర్చి యంత్రపు సంచిలో పెట్టిరి. మత్తుమందు ఇయ్యవలసివచ్చినచో సక్సినైల్‌కోలిన్ అను మందు ఈ బిడ్డలకు కూడదని కూడ అందు కలదు. ఆసుపత్రివారందరును అన్నిటిని ఎరిగియుందురనుకొనరాదు. వినయముగా చెప్పినచో వినువారే పెక్కురు.

చివరగా, మన యిండ్లలోని మాట. ఇట్టి బిడ్డ పుట్టినచో తల్లి కడుపునే నిందించు వాడుక మనలో ఇంకను పోలేదు. మా అక్కయ్యయు ఆ మాటలు పడినదే. డుషేన్ వ్యాధి తల్లిద్వారా సంక్రమించుట నిజమే; కాని మూడింట ఒకవంతు బిడ్డలలో అది తల్లియందు లేక క్రొత్తగా పుట్టినదే. ఎస్‌.ఎం.ఏ. కు తల్లిదండ్రులిద్దరినుండియు చెరియొక దోషపు జన్యువు రావలెను. తల్లియందున్నను ఆమె కోరి తెచ్చుకొన్నది కాదు గదా! నిందించు నోటికి బదులు నొక్కు చేయి కావలెను. మొదట రెండు నెలలు అక్కయ్య యొక్కతెయే రాత్రింబవళ్లు మేల్కొని, కూర్చున్నచోటనే కునుకుచుండెను. ఒకనాడు ఆమె చేతిలోనుండి మాస్కు జారిపోయెను. అది చూచి బావగారు నేర్చిరి. మా అత్తగారు నేర్చిరి. మేమును మా యింటివారును నేర్చితిమి. ఇప్పుడు వంతులు కలవు. తల్లి నిద్రించుటయు బిడ్డ చికిత్సలో భాగమే యని డాక్టరమ్మగారు చెప్పిన మాట ప్రతి గృహమునను వినదగినది.

మేము మొదటిమారు సంచి పట్టినపుడు చేతులు వణికినవి. తొందరతో మూడుమార్లు గబగబ నొక్కితిమి. పిల్లవాడు మాస్కు తొలగించుమని సైగచేసి, "తొందరపడకు పిన్నీ. నేను వ్రేలెత్తినప్పుడు నొక్కు" అనెను. నాటినుండి వాని వ్రేలే మాకు తాళము. ఊపిరి వానిది, మనది సాయము మాత్రమే. వాడు వలదన్న క్షణమున ఆగుటయు నేర్వవలెను.

ఈ మాఘమాసమున వానికి మరల జలుబు చేసెను. అందరమును భయపడితిమి గాని ఎవ్వరును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. రెండవరాత్రి ఊపిరి పేర్చి, బావగారు పొట్ట నొత్తగా, పిల్లవాడు గట్టిగా, ఇల్లు మారుమ్రోగునట్లు దగ్గెను. కఫము వెడలెను. వంటింటి గడపకడ వాలియున్న అక్కయ్య ఆ దగ్గు విని లేచివచ్చి, కన్నులు తుడుచుకొని, "హమ్మయ్య, దగ్గాడు" అనెను.